ఊటీ ఫ్లవర్ షోకి వెళ్లే బండ్లకి పరిమితి పెట్టడం న్యాయమేనా?

నెల్లూరు సుధ

2025 మేలో మేం ఆరుగురం సొంత కారులో ఊటీ వెళ్లాం. నెల్లూరు ఎండకు తాళలేక అత్తయ్యగారు నాలుగు రోజులు చల్లగా ఎక్కడికైనా పోదామన్నారు. పిల్లలేమో ఫ్లవర్ షో చూడాల్సిందేనన్నారు. అది 127వ ప్రదర్శన, మే 15 నుంచి 25 వరకు జరిగింది. మేం శనివారం కొండెక్కాం. కూనూరు నుంచి ఊటీకి 20 కిలోమీటర్లు కూడా ఉండదు, మాకు మూడు గంటలు పట్టింది. దారిలో అత్తయ్యగారికి బాత్రూమ్ దొరక్క పడిన ఇబ్బంది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

బొటానికల్ గార్డెన్‌లో పూల కంటే పైకెత్తిన ఫోన్లే ఎక్కువ కనిపించాయి. 2 కోట్ల ఏళ్ల నాటి రాయిగా మారిన చెట్టు మాను ఒకటి అక్కడ ఉంది. దాని దగ్గర మాత్రం జనం లేరు. మా చిన్నవాడు పావుగంట దాని ముందే నిలబడ్డాడు. ఆ ప్రయాణం మొత్తంలో నాకు తృప్తిగా గుర్తున్నది అదొక్కటే.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. మద్రాసు హైకోర్టు 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్లే బండ్లకు ఇ-పాస్, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, తప్పనిసరి చేసింది. 2025 ఏప్రిల్ నుంచి వేసవి సీజన్‌కు రోజుకు ఇన్నే బండ్లని పరిమితి కూడా పెట్టింది. ఊటీకి మామూలు రోజుల్లో 6,000 బండ్లు, శని ఆదివారాల్లో 8,000. నన్నడిగితే అది కూడా ఎక్కువే, సగానికి తగ్గించాలి. తిరుమలలో టోకెన్ తీసుకుని మన వంతు కోసం ఆగుతాం కదా, ఊటీకి ఎందుకు ఆగకూడదు?

కోవై తెలుగబ్బాయి

సుధక్కా, మాది కోయంబత్తూరు. నాలుగు తరాల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లం. రాయడం, చదవడం నాకు మా ఆవిడ నేర్పింది, తనది చిత్తూరు. తప్పులుంటే మన్నించండి. నేను ట్రావెల్స్ బండి నడుపుతాను. సీజన్‌లో వారానికి నాలుగు సార్లు కొండెక్కుతాను.

మీరు పడ్డ ఇబ్బంది నిజమే, కాదనను. కానీ సగానికి తగ్గించండి అనే ముందు ఒక్కసారి ఆ ఊరి వైపు నుంచి చూడండి. 2025 ఏప్రిల్ 2న నీలగిరి జిల్లాలో వ్యాపారులు కొట్లు మూసి బంద్ చేశారు. పెద్ద హోటళ్ల వాళ్లకు ఒక సీజన్ పోయినా తట్టుకునే శక్తి ఉంటుంది. రోడ్డు పక్కన ఆకులతో సహా క్యారెట్ కట్టలు అమ్మే అమ్మకు, వర్కీ అనే కరకరలాడే బిస్కెట్లు కాల్చే బేకరీలో కుర్రాడికి, బోట్ హౌస్ దగ్గర మొక్కజొన్న కంకులు అమ్మే ముసలాయనకు ఏముంది? ఏప్రిల్, మే నెలల్లో వచ్చిందే జూన్ నుంచి ఆగస్టు దాకా తినాలి. ఆ వానల్లో పైకి ఎవరూ రారు.

ఇంకోటి. పాస్ బండికి ఇస్తున్నారు, మనిషికి కాదు. ఇద్దరు కూర్చున్న కారూ ఒకటే, పన్నెండు మందిని ఎక్కించుకున్న నా టెంపో ట్రావెలరూ ఒకటే. ఇదెక్కడి న్యాయం? పాస్ లేక కల్లార్ చెక్‌పోస్టు దగ్గర వెనక్కి తిరిగిన కుటుంబాన్ని చూశాను. పసిబిడ్డతో అంత దూరం వచ్చి, కొండ కింద నుంచే పోయారు.

గుంటూరు మాస్టారు

బాబూ, బండిని కాక మనిషిని లెక్కపెట్టాలి అన్నది బాగుంది. అసలు సొంత కారే ఎందుకు కావాలి? ప్రభుత్వ బస్సుకు ఇ-పాస్ అక్కర్లేదు. నేను, మా ఆవిడ గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కోయంబత్తూరులో దిగాం. అక్కడి నుంచి బస్సులో కొండ కిందున్న మేట్టుపాళయం, మళ్లీ బస్సులో పైకి. మోకాళ్ల నొప్పులున్నవాణ్ణే, ఏమీ కాలేదు. కొండ రైలైతే ఇంకా అందం. 46 కిలోమీటర్లు దాదాపు ఐదు గంటలు ఎక్కుతుంది, నిటారు దారిలో రంపంలా పళ్లున్న పట్టాలను పట్టుకుని. 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సీటు దొరకడమే కష్టం.

తిరుమల మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. అక్కడ 1944లో మొదటి ఘాట్ రోడ్డు వేశారు. చాలక 1974లో రెండోది వేసి, ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి చేశారు. ఊటీలో కూడా సీజన్‌లో కూనూరు మీదుగా ఎక్కించి కోటగిరి మీదుగా దింపుతారు. కానీ తిరుమలలో రోజంతా వరసగా ఆర్టీసీ బస్సులు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఆ ఏర్పాటు లేకుండా టోకెన్ పద్ధతి ఒక్కటే తెచ్చుకుంటే ఏం లాభం? మేట్టుపాళయంలో కార్లు నిలపడానికి పెద్ద జాగా చూసి పదినిమిషాలకో బస్సు వేస్తే, ఎవరినీ వెనక్కి పంపే అవసరం ఉండదని నా నమ్మకం.

అన్నట్టు, మే నెలే ఎందుకో ఆలోచించారా? మద్రాసు ఎండకు ఆగలేని తెల్లదొరలు వేసవికి ఆఫీసులతో సహా కొండెక్కేవాళ్లు. ఫ్లవర్ షో వాళ్ల కాలంలో మొదలైంది. తోట 1848 నాటిది. 1995లో నూరవ ప్రదర్శన గుర్తుగా గులాబీ తోట వేశారు. కోటగిరిలో కూరగాయల ప్రదర్శన, గూడలూరులో సుగంధ ద్రవ్యాలు, కూనూరు సిమ్స్ పార్కులో పండ్లు, ఇలా అన్నీ ఆ ఒక్క నెలలోకే కుక్కారు. దొరలు వెళ్లిపోయి ఇన్నేళ్లయినా వాళ్ల క్యాలెండర్ పట్టుకుని మనమెందుకు వేలాడాలి? సెప్టెంబరు, అక్టోబరులో రెండో సీజన్ ఉంది. అప్పుడూ పూలు పూస్తాయి.

నెల్లూరు సుధ

మాస్టారూ, బడి సెలవులు మేలోనే కదండీ! పిల్లల్ని వదిలేసి ఎలా వెళ్లమంటారు?

గుంటూరు మాస్టారు

దసరా సెలవులున్నాయమ్మా.

పాడేరు పిల్ల

అందరూ వెళ్లేవాళ్ల కష్టం, అమ్మేవాళ్ల కష్టం మాట్లాడారు. నాకు ఈ చర్చలో వినపడనిది కొండ మీద ఉండేవాళ్ల మాట. మా వంజంగి కొండకు చలికాలంలో మేఘాలు చూడడానికి తెల్లవారుజామున ఎన్ని బండ్లు వస్తాయో నేను రోజూ చూస్తాను. ఎనిమిదింటికల్లా అందరూ దిగిపోతారు. సీసాలు, చిప్స్ కవర్లు మాకు మిగులుతాయి. 2025 చలి ఉత్సవానికి అరకు పోయాను. ధింసా చూసి సంతోషపడ్డాను. ఆ మూడు రోజుల తర్వాత ఆడినవాళ్ల ఊళ్లో రోడ్డు పడిందా, నీళ్లు వచ్చాయా అని ఎవరూ అడగరు.

నీలగిరుల్లో తోడాలు, కోటాలు, కురుంబలు, ఇరులలు, బడగలు అనే స్థానిక జనం ఉన్నారు. ఊటీ కట్టక ముందు ఆ గడ్డి మైదానాల్లో తోడాల గేదెలు మేసేవి. వాళ్ల ఎరుపు నలుపు కుట్టుపనికి 2013లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. పండగకు వాళ్లను స్టాల్‌లో కూర్చోబెడితే సరిపోదు. ఎంతమంది రావచ్చో చెప్పే చోట కూర్చోబెట్టాలి.

ఆ లెక్క రోడ్డు వెడల్పును బట్టి కాదు, నీళ్లను బట్టి తేలాలి. ఊటీ తాగేది ఎక్కువగా పార్సన్స్ వ్యాలీ జలాశయం నీళ్లే. లక్షల మంది వచ్చే నెలలో, వానకు ముందు, ఆ నీళ్లు ఎవరికి తగ్గుతాయి? 2009 నవంబరులో నీలగిరుల్లో కొండచరియలు విరిగి 40 మందికి పైగా పోయారు. వాలు చెక్కి గదులు కడితే, నీరు పోయే దారి మూస్తే, వాన ఊరుకోదు. ఒక్క నెల రద్దీ కోసం కట్టిన గదులు పన్నెండు నెలలూ ఆ కొండ మీద బరువే.

కోవై తెలుగబ్బాయి

చెల్లెమ్మా, నీళ్ల మాటకు నా దగ్గర జవాబు లేదు. మేలో లాడ్జీలకు ట్యాంకర్లు తిరగడం చూస్తూనే ఉన్నాను, నా బండి కడుక్కోవడానికే సిగ్గేస్తుంది. కోర్టు కూడా ఐఐటీ మద్రాసును, ఐఐఎం బెంగళూరును కొండ ఎంత మోయగలదో తేల్చమంది. వాళ్లు నీళ్లూ మురుగూ లెక్కలోకి తీసుకుని ఒక సంఖ్య చెప్తే నేను తల వంచుతాను. నా బండికి పాస్ రాకపోయినా సరే.

మాస్టారు చెప్పిన బస్సుల ఏర్పాటు మాత్రం నాకు మింగుడుపడదు. నాలాంటి డ్రైవర్లు ఏమవుతారు? ఆ బస్సులతో పాటు మా టెంపోలనూ పర్మిట్ ఇచ్చి తిప్పుకోనిస్తే, అప్పుడు ఒప్పుకుంటాను.

నెల్లూరు సుధ

సగానికి తగ్గించాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను తమ్ముడూ. క్యారెట్లమ్మే అమ్మ గురించి నేను ఆలోచించలేదు. పరిమితి ఉండాలన్న మాట మాత్రం వదలను. ఈసారి దసరాకు రైల్లో వస్తాం, ఆరుగురం. కోయంబత్తూరు స్టేషన్‌కు నీ బండి తెస్తావా? పిల్లలు ఆ రాతి చెట్టు మళ్లీ చూడాలంటున్నారు.

కోవై తెలుగబ్బాయి

తప్పకుండా అక్కా. అక్టోబరు నడిమికి వానలు పట్టుకుంటాయి, దసరా మొదట్లోనే రండి. అత్తయ్యగారి కోసం దారిలో బాత్రూమ్ శుభ్రంగా ఉండే చోట్లు నాకు తెలుసు, ఆపుకుంటూ పోదాం. నీళ్లకు స్టీలు సీసాలు తెచ్చుకోండి, పైన ప్లాస్టిక్ సీసాలు కనిపిస్తే తీసేసుకుంటారు.