పాత ట్రాక్టర్‌ను ఏళ్ల తరబడి ఉంచుకుంటే ఖర్చు ఎక్కడ పడుతుంది?

ప్రశ్న:
మెస్సీ ఫెర్గూసన్ 135 ట్రాక్టర్ ఒకటి అమ్మకానికి వచ్చింది. గంటల మీటరు పనిచేయడం లేదు కనుక ఇంతవరకు ఎంత నడిచిందో తెలిసే దారి లేదు. ఇంజన్ మాత్రం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది, పొగ కూడా పెద్దగా లేదు. తేలికపాటి దుక్కికి, ట్రాలీకి మరో పదేళ్లు వాడుకోవాలని ఉంది. ఇలాంటి బండిని చాలాకాలం నడిపినవారు, కొన్న తర్వాత దేనిదేనికి డబ్బు పెట్టవలసి వస్తుందో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
అందరూ ముందు ఇంజన్‌నే చూస్తారు గాని, నా అనుభవంలో ఎక్కువ ఖర్చు దాని వెనుక భాగానిదే. 1964లో వచ్చిన ఈ మోడల్‌లోని మూడు సిలిండర్ల పెర్కిన్స్ డీజిల్ ఇంజన్‌కు పిస్టన్లు, లైనర్లు, రింగులు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. క్లచ్ సంగతి అలా కాదు. ప్లేటు ఖరీదు తక్కువే అయినా, దాన్ని మార్చాలంటే ట్రాక్టర్‌ను నడిమికి విడదీసి ఇంజన్‌ను గేర్‌బాక్సు నుంచి వేరు చేయాలి కాబట్టి, వస్తువు కంటే కూలీయే ఎక్కువవుతుంది. అందుకే ఒకసారి విప్పినప్పుడు క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగును, ఇంజన్ వెనుక ఆయిల్ సీలును కూడా మార్పించడం మంచిది.

పనిముట్లను పైకెత్తే లిఫ్టును నడిపే హైడ్రాలిక్ పంపు, ట్రాక్టర్ వెనుక భాగపు హౌసింగ్ (గేర్లుండే పెట్టె) లోపల, గేర్ల ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. ఆ ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరాయని అర్థం. చల్లగా ఉన్నప్పుడు బాగానే లేపే లిఫ్టు, ఆయిల్ వేడెక్కాక బలహీనపడవచ్చు. కనుక అరగంట పని చేయించి, బరువైన పనిముట్టును పైకెత్తి, ఇంజన్ ఆపి చూడండి. అది వెంటనే జారిపోతే సీళ్లకో, వాల్వుకో ఖర్చు సిద్ధంగా ఉందన్నమాట.

రెండో జవాబు:
పై మాటలతో ఏకీభవిస్తూ ఒక్కటి చేరుస్తాను. ఇంజన్ డిప్‌స్టిక్‌పై (ఆయిల్ కొలిచే పుల్లపై) ఆయిల్ మట్టం తగ్గడమే కాదు, పెరగడమూ ప్రమాదకరమే. ట్యాంకు నుంచి డీజిల్ అందించే ఫీడ్ పంపులోని డయాఫ్రం (పలుచని పొర) చిరిగితే డీజిల్ సంప్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి దిగి ఆయిల్‌ను పలచబరుస్తుంది, దాంతో బేరింగులు అరిగిపోతాయి. డిప్‌స్టిక్ వాసన చూస్తేనే తెలిసిపోతుంది. ఆ చిన్న డయాఫ్రాన్ని సకాలంలో మార్చకపోతే క్రాంక్ షాఫ్టు (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) మరమ్మతు దాకా పోతుంది.

టైర్ల విషయంలో గుబ్బలు నిండుగా ఉన్నాయని మోసపోకండి. పక్క గోడలు పగుళ్లిచ్చి ఉంటే వెనుక జత మార్చవలసిందే.

మూడో జవాబు:
విడిభాగాల ధర ఎవరైనా లెక్క వేసుకోగలరు, పని ఆగిపోయిన రోజుల లెక్కే ఎవరూ వేయరు. అదను మీద ఉన్నప్పుడు బండి షెడ్డులో పడి ఉంటే, ఆ నష్టం ఏ రసీదులోనూ కనిపించదు. మీకిది రెండో ట్రాక్టర్ అయితే నిశ్చింతగా తీసుకోండి. ఉన్న ఒక్కటీ ఇదే అయితే, మరమ్మతులు కొంతైనా మీరే చేసుకోగలిగితే తప్ప నేను సిఫారసు చేయను.

పాత బండ్లలో చాలావాటికి బోల్తా నుంచి కాపాడే ఫ్రేము ఉండదు. ఫ్రేము, సీటు బెల్టు, పీటీఓ షాఫ్టుపై (ఇంజన్ శక్తిని పనిముట్లకు అందించే తిరిగే కడ్డీపై) కవరు, ఈ మూడింటి ఖర్చును కొన్న ధరలోనే కలుపుకొని చూడండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇది మా రెండో బండే. బండిని వేడెక్కించి లిఫ్టు పరీక్షించడానికి అమ్మేవారు ఒప్పుకున్నారు. క్లచ్ పనికయ్యే కూలీని ధరలో తగ్గించమని అడగబోతున్నాను.