34 శాతం ఓట్లకి 411 సీట్లు ఎలా వచ్చాయండీ?

రెడింగ్ నుంచి, కొత్తగా వచ్చినవాణ్ణి:

అందరికీ నమస్కారం. స్కిల్డ్ వర్కర్ వీసా మీద బ్రిటన్ వచ్చి ఎనిమిది నెలలైంది. మాది ఒంగోలు. ఆఫీసులో లంచ్ దగ్గర వీళ్ల రాజకీయాలు నడుస్తుంటే నేను బుర్ర ఊపుతూ కూర్చుంటున్నా. మొన్న ఒకాయన, 2024 పార్లమెంటు ఎన్నికల్లో లేబర్ పార్టీకి 33.7 శాతం ఓట్లే వచ్చాయి, సీట్లు మాత్రం 650లో 411 అన్నాడు. "రిగ్గింగా?" అని నోరు జారాను. టేబులంతా ఒకటే నవ్వు. ఇక్కడ పార్టీలు అనుకున్నదానికంటే పైకి లేవడానికీ, పడిపోవడానికీ అసలు లెక్కేంటో ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి. మనకెలాగూ ఓటు లేదు, కాలక్షేపానికే అనుకోండి.

హారో నుంచి:

తమ్ముడూ, ముందు ఆ చివరి మాట వెనక్కి తీసుకో. నీకు ఓటుంది. కామన్వెల్త్ దేశపు పౌరుడివి, వీసా మీద ఇక్కడే ఉంటున్నావు, 18 దాటాయి. పార్లమెంటు ఎన్నికల్లో కూడా వేయొచ్చు. మీ ఆఫీసులో ఫ్రెంచివాడో జర్మనీవాడో ఉంటే వాడికి ఆ హక్కు లేదు, నీకుంది. నేనూ ఇది తెలియక నాలుగేళ్లు ఊరికే కూర్చున్నా.

ఇక లెక్క. ఒంగోలు అన్నావు గనక నీకు తెలిసినదాంతోనే మొదలుపెడతా. 2024లో ఏపీలో వైసీపీకి 39 శాతం పైగా ఓట్లు పడ్డాయి, 175లో సీట్లు 11. అంతకుముందు 2019లో టీడీపీకీ ఇంచుమించు అంతే శాతం, సీట్లు 23. అప్పుడు రిగ్గింగ్ అన్నామా? సరే, కొందరన్నారు, ఆ గొడవ ఇక్కడొద్దు. నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా సీటు వాడిదే అనే ఈ పద్ధతి మనకి వచ్చిందే వీళ్ల దగ్గర్నుంచి. అందుకే ఫలానా పార్టీకి ఇంత శాతం అని ఎవరన్నా చెబితే నేను రెండే అడుగుతా. ఆ ఓట్లు ఎక్కడ పడ్డాయి? ఎదుటివాడి ఓట్లు ఎన్ని ముక్కలయ్యాయి?

సౌత్ వెస్ట్ నార్ఫక్ తీసుకో. కన్జర్వేటివ్ పార్టీ (వీళ్లనే టోరీలంటారు) నాయకురాలు లిజ్ ట్రస్ సీటు. 2019లో ఆవిడ మెజారిటీ 26,195. 2024లో లేబర్‌కి 11,847, ఆవిడకి 11,217, టోరీ ఓట్లనే చీల్చే రిఫార్మ్ పార్టీకి 9,958. మాజీ ప్రధాని 630 ఓట్ల తేడాతో ఇంటికెళ్లింది. దీన్ని లేబర్ గాలి అనాలా? ఓటేసిన నలుగురిలో ముగ్గురు లేబర్‌కి వెయ్యనేలేదు. అన్నదమ్ములు పొలం పంచుకుని కొట్లాడుకుంటుంటే పక్క చేనువాడు గట్టు జరిపేసినట్టయింది.

దేశమంతా చూసినా అదే. 2019లో అప్పటి లేబర్ నాయకుడు కార్బిన్ చిత్తుగా ఓడినప్పుడు లేబర్‌కి కోటీ రెండున్నర లక్షల పైన ఓట్లు, 202 సీట్లు. 2024లో ఆయన తర్వాత వచ్చిన స్టార్మర్ ఊడ్చేసినప్పుడు 97 లక్షల ఓట్లే, 411 సీట్లు. ఓట్లు తగ్గాయి, సీట్లు రెట్టింపయ్యాయి. లేబర్ పెద్దగా పెరిగింది లేదు, టోరీలు 43.6 శాతం నుంచి 23.7కి కూలారు. కూలిన గోడ రాళ్లు చాలావరకు రిఫార్మ్ ముంగిట్లో పడ్డాయి. పాపం రిఫార్మ్‌కి మాత్రం 14.3 శాతం ఓట్లొచ్చినా 5 సీట్లే. అన్ని ఊళ్లలోనూ కొంచెం కొంచెం రావడం వల్ల వచ్చే నష్టమది. 2009లో మన ప్రజారాజ్యం రాష్ట్రమంతా ఓట్లు పోగేసుకుని 294లో 18 దగ్గర ఆగిపోలేదూ? కాకపోతే 98 చోట్ల రిఫార్మ్ రెండో స్థానంలో ఉంది. ఇదే పద్ధతి ఇంకో పది శాతం కలిస్తే వాళ్లని ఒక్కసారిగా ఎక్కడికో తీసుకుపోతుంది, అది మర్చిపోకు.

నాకు ముచ్చటేసేది లిబరల్ డెమొక్రాట్ల కథ. 2019లో 11.6 శాతం, 11 సీట్లు. 2024లో 12.2 శాతం, 72 సీట్లు. పెరిగింది ముప్పాతిక శాతం కూడా కాదు! వాళ్ల నాయకుడు ఎడ్ డేవీ పడవమీంచి చెరువులో పడుతూ, తాడు కట్టుకుని పైనుంచి దూకుతూ ప్రచారం చేస్తుంటే ఈ పెద్దమనిషికి ఏమైందిరా అని ఇంట్లో నవ్వుకున్నాం. ఆయన మనుషులు మాత్రం గెలిచే చోట్లే గడప గడపా తిరిగారు. సర్రే, ఆక్స్‌ఫర్డ్‌షైర్ లాంటి టోరీ కోటల్లో లేబర్ అభిమానులు "ఇక్కడ మనవాడెలాగూ రాడు, టోరీని దించాలంటే వీళ్లకే గుద్దాలి" అనుకున్నారు. దాన్నే టాక్టికల్ ఓటింగ్ అంటారు. జనసేన 21 చోట్ల నిలబడి 21 గెలిచింది చూశావుగా. అక్కడ సీట్లు పంచుకున్నది నాయకులు. ఇక్కడ ఏ పొత్తూ లేదు, ఓటర్లే తమలో తాము సర్దుకున్నారు.

లిబరల్ డెమొక్రాట్ల కరపత్రం మీ లెటర్‌బాక్సులో పడితే అందులో బార్ చార్ట్ తప్పకుండా ఉంటుంది, ఇక్కడ పోటీ మా ఇద్దరి మధ్యే అని. గీతల పొడుగు స్కేలు పెట్టి కొలవకు, లెక్క తేలదు.

లెస్టర్ నుంచి:

అన్నయ్యగారు అంతా అంకగణితంలా చెప్పేశారు. మనుషుల సంగతి కూడా కొంచెం చెప్పాలి కదండీ. మా లెస్టర్ ఈస్ట్ 1987 నుంచి లేబర్‌దే. దేశమంతా టోరీలు కూలిన ఆ రాత్రి, వాళ్లు వేరే పార్టీ నుంచి లాక్కున్న ఒకే ఒక్క సీటు మాదే. శివానీ రాజా గెలిచింది. పాత లేబర్ ఎంపీలు ఇద్దరు, కీత్ వాజ్, క్లాడియా వెబ్, లేబర్ టికెట్ లేకుండా విడివిడిగా నిలబడ్డారు, అది మీ ముక్కల లెక్కకే వస్తుంది, ఒప్పుకుంటా. కానీ పక్క సీటు లెస్టర్ సౌత్‌లో గాజా విషయం మీద కోపంతో జనం లేబర్ ఎంపీ జోనథన్ ఆష్‌వర్త్‌ని 979 ఓట్లతో ఓడించి ఇండిపెండెంట్ షాకత్ ఆడమ్‌ని పంపారు. ఆష్‌వర్త్ గెలుస్తాడని టీవీ వాళ్లూ, మేమూ అనుకున్నాం. మీ హారో ఈస్ట్‌లోనేమో బాబ్ బ్లాక్‌మన్ సగానికి పైగా ఓట్లతో నెగ్గారు. దేశంలో ఇంకే టోరీకీ సగం దాటలేదు. ఎన్నో ఏళ్లుగా అక్కడివాళ్లతో కలిసిమెలిసి తిరిగిన మనిషి.

ఇంకో మాట బాబూ. అప్పటి టోరీ ప్రధాని సునాక్ మనవాడు కదా, 2024లో ఇండియన్లంతా ఆయనకే వేశారు అని ఎవరన్నా అంటే నమ్మకండి. మన తెలుగువాళ్లనీ చూశాం కదా: నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో లేబర్ తరఫున ఉదయ్ నాగరాజు, స్టోక్ ఆన్ ట్రెంట్ సెంట్రల్‌లో టోరీ తరఫున చంద్ర కన్నెగంటి నిలబడ్డారు. ఇద్దరూ ఓడిపోయారు. లేబర్ ఊపు మీదున్న ఏడాదే లేబర్ తెలుగాయన కూడా ఓడారు. గాలి అన్ని వీధుల్లోకీ ఒకేలా రాదండీ.

రెడింగ్ నుంచి:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. మరి సర్వేలు నమ్మొచ్చా? 2024లో లేబర్ 20 పాయింట్లు ముందుందని చెప్పారట, వచ్చింది 10 అంట.

ఎడిన్‌బరో నుంచి:

తమ్మీ, సర్వేలు తప్పుడు కొత్తేం కాదు. 1992ల తప్పినయ్, 2015ల తప్పినయ్, రెండుసార్లూ టోరీలను తక్కువ జూపెట్టినయ్. 2015 తర్వాత కూసొని చూస్తే, వాళ్లు అడిగిన జనంలనే తేడా ఉందని తేలింది. 2024ల నాకనిపించేదేందంటే, లేబర్ ఎట్లాగూ గెలుస్తదని అందరికీ తెలిసిపోయింది. గెలిచేటోనికి మన ఓటెందుకని కొందరు గ్రీన్ పార్టీకి ఏసిన్రు, కొందరు ఇంట్లనే ఉన్నరు. పోలింగ్ 60 శాతమే.

అప్పటి టోరీ ప్రధాని థెరిసా మే కథ ఇంకా మంచిగుంటది. 2017ల 20 పాయింట్ల ఆధిక్యం జూసి ముందస్తు పెట్టింది. నడుమల ముసలోళ్ల సంరక్షణ ఖర్చు ఇంటి ఆస్తిల నుంచి తీసుకుంటమని మేనిఫెస్టోల రాసిన్రు, జనం దానికి డిమెన్షియా టాక్స్ అని పేరు పెట్టిన్రు. ఓట్లు 36.9 నుంచి 42.4 శాతానికి పెరిగినయ్, సీట్లు 330 నుంచి 317కు దిగినయ్. ఎందుకంటే లేబర్ 40 శాతానికి ఎగబాకింది. మా స్కాట్లండ్ సంగతి కూడా ఇను. 2015ల ఎస్‌ఎన్‌పీకి (స్కాటిష్ నేషనల్ పార్టీ) సగం ఓట్లకు 59ల 56 సీట్లు. 2024ల 30 శాతానికి 57ల 9. గదే పద్ధతి ఎత్తింది, గదే ముంచింది.

నమ్మితే రాత్రి పది గంటల ఎగ్జిట్ పోల్ నమ్ము. పోలింగ్ బూతు బయట ఓటేసి వచ్చినోళ్లనే అడుగుతరు. 2024ల లేబర్‌కు 410 అన్నరు. రిఫార్మ్‌కు మాత్రం 13 అన్నరు, వచ్చినయి 5.

హారో నుంచి:

చర్చ బాగుంది గానీ, తమ్ముడు ఇంకా రిజిస్టర్ చేసుకోలేదు. ప్రభుత్వ వెబ్‌సైట్లో ఐదు నిమిషాల పని, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకో. పోలింగ్‌కి 12 పని దినాల ముందే అయిపోవాలి. ఓటేసే రోజు ఫోటో ఐడీ అడుగుతారు. మన ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది, ఆధార్ చెల్లదు. మిషన్ ఉండదు, వేలికి సిరా ఉండదు, దారానికి కట్టిన పెన్సిల్ ఒకటుంటుంది. రెడింగ్ అంటే ఒక్క సీటు కాదు, నీ పోస్ట్‌కోడ్ కొట్టి ఏది నీదో చూసుకో.

రెడింగ్ నుంచి:

చేసేశాను అన్నా. జాతీయత దగ్గర ఇండియన్ అని పెట్టినా ఏమీ అడ్డు చెప్పలేదు. ఆ నార్ఫక్ లెక్క కాగితం మీద రాసుకున్నా. రేపు లంచ్‌లో నేనే మొదలుపెడతా.