పాపను ఇంట్లో కొడుతున్నారని అనుమానం వస్తే టీచర్ ముందు ఎవరికి చెప్పాలి?

కొత్తటీచర్: నాలుగో తరగతి చెబుతాను. క్లాసులో ఒక పాప ఎంత ఉక్కపోసినా స్వెట్టర్ తీయదు. నిన్న చేతులు కడుక్కుంటూ పైకి లాక్కుంటే చూశాను, భుజం వెనక వంపు తిరిగిన వాతలు, వైరు మడిచి కొట్టినట్టు. ఎవరైనా చెయ్యెత్తితే ముడుచుకుపోతుంది. బెల్ కొట్టాక ఇంటికి కదలదు. హెచ్‌ఎం సార్ "వాళ్ల నాన్నను పిలిచి మాట్లాడదాం" అంటున్నారు. నాకేమో భయంగా ఉంది.

రూల్‌బుక్: పోక్సో చట్టం 2012, సెక్షన్ 19 చదవండి. తెలిసీ పోలీసులకు చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

సుద్దముక్క: పోక్సో లైంగిక నేరాలకు సార్. ఆవిడ చెప్పింది వాతల గురించి. పెంచాల్సినవాళ్లే హింసిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 75.

రూల్‌బుక్: మంచిది. ఆ సెక్షన్‌లో టీచర్ తప్పనిసరిగా ఫిర్యాదు చేయాలని ఎక్కడుంది? లేనప్పుడు హెచ్‌ఎం గారు చెప్పినదాంట్లో తప్పేముంది?

దారినపోయే: 1098, పిల్లల హెల్ప్‌లైన్. ఫోన్ చేయండి, అంతే.

ఇద్దరుపిల్లలనాన్న: ఆగండి. మా చిన్నోడికి నడుం కింద పుట్టుకతోనే నీలం మచ్చలు. ప్లేస్కూల్ టీచర్ చూసి నేను కొట్టాననుకుంది. నన్ను అడిగితే కదా! ఆయాకు చెప్పింది, ఆయా ఇంకో తల్లికి చెప్పింది, కాలనీ అంతా పాకింది. డాక్టర్ గారు అవి దెబ్బలు కావని చెప్పాక కూడా కొందరు నాతో మాట్లాడలేదు. ముందు తల్లిదండ్రుల్నే పిలవాలి.

సుద్దముక్క: ఆ నీలం మచ్చలు చంటిపిల్లల్లో మామూలే. ముట్టుకుంటే నొప్పుండదు, కొన్నేళ్లకు చాలామందికి వాటంతటవే పోతాయి. కమిలిన దెబ్బ అయితే రోజులు గడిచేకొద్దీ రంగు మారుతుంది. ఆడుతూ పడితే మోకాళ్లు, మోచేతులు, నుదురు తగులుతాయి. చెవి, మెడ, వీపు, పిరుదులు, తొడ లోపలివైపు కమిలితే ఊరుకోకూడదు. వైరు ఆకారంలో వాత పడటానికి ఆటలో అవకాశమే లేదు.

ఇద్దరుపిల్లలనాన్న: నేను మచ్చల గురించి చెప్పట్లేదు మేడమ్. అడగకుండా తీర్పు చెప్పడం గురించి చెబుతున్నా.

అమ్మమ్మ_64: మా రోజుల్లో దెబ్బ తినని పిల్లలున్నారా?

సుద్దముక్క: అమ్మా, వైరుతోనా?
అడగడం సంగతి చెప్తాను వినండి. నేను ఇంతకుముందు పనిచేసిన బడిలో ఇలాగే అడిగారు. మారుతండ్రి వచ్చాడు, నవ్వుతూ మాట్లాడాడు, అందరికీ దండం పెట్టి వెళ్లాడు. మర్నాడే టీసీ తీసుకున్నాడు. ఆ పిల్లాడు ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలీదు. కొట్టేవాడెవడో తెలియకుండా ఇంటికి కబురు పెడితే వాణ్ని హెచ్చరించినట్టే.

ఇద్దరుపిల్లలనాన్న: అంటే ప్రతి తండ్రీ దొంగేనా? మీలాంటివాళ్ల వల్లే నా పరువు పోయింది!

సుద్దముక్క: మీ పరువు తీసింది ఆయా నోరు. ఆ టీచర్ ఆయాకు కాకుండా 1098కి చెప్పుంటే కాలనీకి తెలిసేదే కాదు. డాక్టర్ చూసేవారు, అక్కడితో అయిపోయేది.

రూల్‌బుక్: సెక్షన్ 75 ప్రశ్నకు జవాబు రాలేదు.

ఇద్దరుపిల్లలనాన్న: సరే, ఫోన్ చేశారు. తర్వాత? పాపను తీసుకెళ్లి హోమ్‌లో పడేస్తారు. కొట్టే ఇల్లయినా వాళ్లమ్మ ఉంది కదా అక్కడ! నా భయం అసలు అదీ. నా కేసులో అంత దూరం వెళ్లి ఉంటే మా చిన్నోడు ఆ రాత్రి ఎక్కడ పడుకునేవాడు?

సుద్దముక్క: ఈ ముక్క మొదటే అనుంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఆ భయం నాకూ ఉంది. అది తేల్చాల్సింది బాలల సంక్షేమ కమిటీ. హోమ్ చివరి దారి అని జువెనైల్ జస్టిస్ చట్టం మూలసూత్రాల్లోనే ఉంది. ఇంట్లోనే ఉంచి కనిపెట్టి ఉండొచ్చు, బంధువుల దగ్గర ఉంచొచ్చు. అన్నిచోట్లా బాగా చేస్తారని మాత్రం చెప్పలేను.

ఇద్దరుపిల్లలనాన్న: చెప్పలేరు కదా. నేననేదీ అదే.

సుద్దముక్క: అలాగని ఈ సాయంత్రం ఆ పాపను ఆ ఇంటికే పంపి చేతులు దులుపుకోమంటారా?
కొత్తటీచర్ గారూ, పాపతో విడిగా మాట్లాడండి. "నాన్న కొట్టాడా" అనొద్దు, "ఏమైందమ్మా" అని ఊరుకోండి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు. తనేమంటే అదే, తన మాటల్లోనే, తేదీ వేసి రాసుకోండి. పదే పదే అడగొద్దు. బట్టలు తీయించి చూడొద్దు. ఫోటో తీసి స్టాఫ్ గ్రూపులో అసలే పెట్టొద్దు.

కొత్తటీచర్: ఇంటర్వెల్‌లో 1098కి చేశాను. వివరాలు రాసుకున్నారు. హెచ్‌ఎం సార్‌కు కూడా చెప్పేశాను, ముఖం మాడ్చుకున్నారు. వాళ్ల నాన్నను మాత్రం ఇంకా పిలవలేదు.

రూల్‌బుక్: సెక్షన్ 75లో టీచర్‌కు ఆ బాధ్యత ఉందని ఇప్పటికీ ఎవరూ చూపించలేదు.