సొంతంగా ప్రచురించుకున్న ప్రేమ నవలలు: కొత్తగా చదివేవాళ్లు వీటితో మొదలుపెట్టొచ్చా?

అర్ధరాత్రిదీపం:
ప్రేమ నవలలు ఇప్పుడిప్పుడే పట్టుకున్నవాళ్లకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: ముందు పెద్ద ప్రచురణ సంస్థల పుస్తకాలు చదవండి, రచయితలు సొంతంగా వేసుకున్నవి తర్వాత చూడొచ్చు అని. నేను ఒప్పుకోను. వీటి ఆకర్షణంతా ఏం దొరుకుతుందో ముందే చెప్పేయడంలో ఉంది. శత్రువులు ప్రేమికులవడం, ఉత్తుత్తి పెళ్లి, విడిపోయినవాళ్లు మళ్లీ కలవడం లాంటి ట్రోపులు, అంటే పదేపదే వచ్చే కథా సరళులు, పుస్తకం పరిచయంలోనే కనిపిస్తాయి. మనసు కలచివేసే విషయాలుంటే చాలామంది మొదటి పేజీల్లోనే హెచ్చరిక పెడతారు. ఇక ముగింపు సంగతి. ప్రేమే కథకి కేంద్రం కావాలి, ముగింపు తృప్తినీ ఆశనీ ఇవ్వాలి అని ప్రేమ నవలా రచయితల సంఘం రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా ఇచ్చిన నిర్వచనం. చివరికి కలుస్తారని తెలిశాక మన ధ్యాసంతా ఎలా కలుస్తారన్నదాని మీదే ఉంటుంది. ఆ రుచి పట్టాలంటే ఇవే సరైన దారి.

ప్రూఫురీడరు:
మాట ఇవ్వడం వేరు, నిలబెట్టుకోవడం వేరండీ. నెలనెలా చందా కట్టి ఈ-పుస్తకాలు చదువుకునే అమెజాన్ పథకం కిండిల్ అన్‌లిమిటెడ్ 2014లో మొదలైంది. అది 2015 జూలై నుంచి చదివిన పేజీల లెక్కన రచయితలకి డబ్బిస్తోంది. సాగదీత అక్కడే మొదలైంది. కొందరు నవల వెనక తమ పాత నవలల్ని కూడా కుక్కి పేజీలు పెంచారు. చివరికి అదనపు సరుకు పుస్తకంలో 10 శాతం దాటకూడదని అమెజానే చెప్పాల్సి వచ్చింది.

ఎడిటింగ్ మరో చిక్కు. కథ నిర్మాణం చూసేది ఒకటి, వాక్యాలు దిద్దేది ఒకటి, ప్రూఫు ఒకటి. సొంత డబ్బు పెట్టుకునే రచయిత వదిలేసేది ఎక్కువగా మొదటిదే, ఖర్చు దానికే ఎక్కువ కాబట్టి. అందుకే అచ్చుతప్పులు లేని పుస్తకం కూడా నడుం దగ్గర, అంటే కథ మధ్యలో, కుంగిపోతుంది. ముప్పావు వంతు అయ్యేసరికి జంట విడిపోవాలి, అది ఈ నవలల ఆనవాయితీ. ఆ విడిపోవడానికి కారణం ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థమైతే నిర్మాణం ఎవరూ చూడలేదన్నమాటే.

పుస్తకాలపిచ్చి:
ప్రూఫురీడరు గారూ, పేజీల లెక్కకి ముందున్న పద్ధతి కూడా చెప్పాలి కదా. అప్పట్లో పాఠకుడు 10 శాతం దాటితే చాలు, పుస్తకం చిన్నదైనా పెద్దదైనా ఒకటే మొత్తం వచ్చేది. దాంతో ఒకే కథని ముక్కలు చేసి అమ్మారు. పేజీల లెక్క ఆ బాధ తగ్గించింది. పైగా విసుగొచ్చి మధ్యలో మూసేస్తే మిగతా పేజీలకి రచయితకి ఏమీ రాదు.

కొత్తవాళ్లు ముందు శాంపిల్ చదవాలి. సుమారు మొదటి 10 శాతం ఉచితంగా దొరుకుతుంది. అందులో నాయికా నాయకులు ఎదురుపడ్డారా? ఎదురుపడకపోతే పుస్తకం పక్కన పెట్టేయండి. తర్వాత కథ ఎవరి కళ్లతో నడుస్తోందో చూడండి. ఉదాహరణకి: ‘ఆమె తలుపు తీసింది. అతన్ని చూడగానే గుండె ఝల్లుమంది. ఇంత చిక్కిపోయిందేమిటని అతను విలవిల్లాడాడు.’ మూడో వాక్యానికి ఆమె మనసులోంచి అతని మనసులోకి దూకేశాం. అతనేమనుకున్నాడో తెలియక ఆమె పడే తపనే ఇలాంటి కథకి ప్రాణం. అది అక్కడే ఆవిరైపోయింది.

ప్రూఫురీడరు:
ఆ ఉదాహరణ ఒక్కటీ చాలదు. అందరి మనసులూ తెలిసిన కథకుడు చెప్పే పద్ధతి కూడా ఉంది, అది తప్పు కాదు. మొదటి పేజీ నుంచి అలాగే నడిస్తే పద్ధతి. ఇరవై పేజీలు ఆమె కళ్లతోనే నడిచి హఠాత్తుగా దూకితే లోపం.

శాంపిల్‌ని మరీ నమ్మకండి కూడా. రచయిత పదిసార్లు దిద్దేది ఆ భాగాన్నే. నడుం సంగతి తెలియాలంటే మూడు నక్షత్రాల రివ్యూలు చదవాలి. విడుదలైన వారంలో వచ్చే అయిదు నక్షత్రాల్లో చాలావరకు ముందస్తు కాపీలు అందుకున్న అభిమానులవి. నిజాయితీగానే రాస్తారు, కానీ వాళ్లకి ఆ రచయిత ముందే నచ్చారు.

అర్ధరాత్రిదీపం:
మూడు నక్షత్రాల మాట నూటికి నూరుపాళ్లు నిజం. ‘బాగుంది కానీ’ తర్వాత ఏముందో చూస్తే చాలు. ‘ప్రేమ పుట్టడానికి మరీ ఆలస్యం’ అన్న ఫిర్యాదు, నెమ్మదిగా రాజుకునే ప్రేమ కోరుకునేవాళ్లకి ఆహ్వానమే.

పుస్తకాలపిచ్చి:
సిరీస్‌ల గురించి ఒక మాట. ఒక్కో భాగంలో ఒక్కో జంట ఉండే సిరీస్ ఎంచుకోండి. ఒకే జంట కథ మూడు భాగాలు సాగితే మొదటిది ఉత్కంఠ దగ్గర తెగిపోతుంది, కొత్తవాళ్లు మోసపోయామనుకుంటారు. మొదటి భాగం ఉచితంగా పెడితే దాంతోనే మొదలుపెట్టొచ్చు.

ప్రూఫురీడరు:
అక్కడే జాగ్రత్త. మొదటి భాగం చాలాసార్లు ఆ రచయిత చేయి తిరగకముందు రాసినది. దాంతోనే తీర్పు చెప్పేస్తే రచయితకి అన్యాయం. రెండోదో మూడోదో తీసుకోండి.

అర్ధరాత్రిదీపం:
దీనికి ఒప్పుకుంటాను. తర్వాతి భాగంలో పాత జంట పెళ్లయి పక్కింట్లో కనబడుతుంది, అంతే. వాళ్లు కలుస్తారని ఎలాగూ తెలుసు కాబట్టి వెనక్కి వెళ్లి మొదటిది చదివినా పోయేదేమీ లేదు. మాఫియా కథలు, మాయాలోకం కథలు మాత్రం వరసగానే చదవాలి. వాటిలో జంటలు మారినా వెనకాల పగ ఒకటే నడుస్తుంటుంది.