ఊరి మధ్య నుంచి హైవే: అభ్యంతరం ఎప్పుడు, ఎవరికి చెప్పాలి? మీ అనుభవాలు చెప్పండి

పాతబస్టాండ్:
మా బజారు మీదుగా వెళ్ళే నేషనల్ హైవేని వెడల్పు చేసి పైన ఫ్లైఓవర్ వేస్తారట. పేపర్లో నోటిఫికేషన్ పడింది, నిండా సర్వే నంబర్లే. మా షాపు ముందు భాగం పోయేలా ఉంది. ఎవరినడిగినా "ఇంకా టైముందిలే" అంటున్నారు. ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్ళు ఉన్నారా?

గట్టుదారి:
టైముందన్నవాళ్ళ మాట నమ్మకండి. ముందు అది ఏ చట్టం కింద వచ్చిందో చూడండి. జాతీయ రహదారుల చట్టం సెక్షన్ 3ఎ అయితే అభ్యంతరాలకు 21 రోజులే. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 అయితే 60 రోజులు. మా దగ్గర చాలామంది 60 అనుకుని నిమ్మళంగా కూర్చున్నారు, గడువు దాటిపోయింది. భూసేకరణ అధికారికి కాగితం మీద కారణాలతో రాసివ్వాలి. అధికారి మీ వాదన వినాలి, లాయర్నైనా పంపొచ్చు. 3డి ప్రకటన వచ్చిందంటే భూమి కేంద్రానిదైపోతుంది, ఆ తర్వాత పరిహారం గొడవే.

అద్దెకొట్టు:
మా ఓనర్ హైదరాబాద్‌లో ఉంటాడు, డబ్బులు బాగా వస్తే చాలన్నాడు. మరి రోడ్డుకి అవతలి కాలనీ సంగతి? వాళ్ళది సెంటు భూమి కూడా పోదు. పిల్లలు మాత్రం బడికి చుట్టూ తిరిగి వెళ్ళాలి. వాళ్ళనెవరు అడుగుతారు?

గట్టుదారి:
ఎవరూ అడగరు, అసలు చిక్కు అదే. అభ్యంతరాలు వినే సెక్షన్ 3సి కింద భూమిలో హక్కున్నవాళ్ళ మాటే వింటారు. పర్యావరణ అనుమతికి జరిపే ప్రజాభిప్రాయ సేకరణలో స్థానికులు ఎవరైనా మాట్లాడొచ్చు గానీ, ఉన్న హైవేని వెడల్పు చేసేటప్పుడు వంద కిలోమీటర్లు దాటకపోతే ఆ అనుమతే అక్కర్లేదు. ఊళ్ళో ముక్కకి అదెక్కడ వస్తుంది?

హెబ్బాళ తెలుగు:
బెంగళూరులో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా 6.7 కిలోమీటర్ల స్టీల్ ఫ్లైఓవర్ అన్నారు. ఖర్చు 1,791 కోట్లు, కొట్టేయాల్సిన చెట్లు 812. జనాన్ని అడిగామనిపించుకోవడానికి ఈమెయిల్లో అభిప్రాయాలు పంపమన్నారు. ఇంత నగరంలో మూడు వందలు కూడా రాలేదు, అందులో ఎక్కువమంది సరేనన్నారని ప్రకటించేశారు! 2016 అక్టోబర్ 16న వేలమంది రోడ్డు పక్కన చేతులు పట్టుకుని నిలబడ్డారు. అదే నెలలో హరిత ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. 2017 మార్చిలో ప్రభుత్వమే రద్దు చేసింది.

లారీ యూనియన్:
బెంగళూరు మాట వేరు, అక్కడ టీవీలున్నాయి. మా ఊళ్ళో వద్దు వద్దని గొడవ చేసి బైపాస్ వేయించుకున్నారు. ఇప్పుడు టిఫిన్ సెంటర్ల నుంచి టైర్ల షాపుల దాకా బేరాల్లేవని ఏడుస్తున్నారు. ఆపండి అని రాస్తే చదివి పక్కన పెడతారు. అండర్‌పాస్ ఫలానా చోట కావాలి, సర్వీస్ రోడ్డు రెండు వైపులా కావాలి, వాననీళ్ళు ఏ కాలువలో కలుస్తాయి అని చైనేజీతో (రోడ్డు మీద ఎన్నో కిలోమీటరు దగ్గరో చెప్పే లెక్క) సహా రాయండి. పక్క మండలంలో అలా రాసినవాళ్ళకే అండర్‌పాస్ వచ్చింది. లారీలు పోవాలంటే ఎత్తు ఐదున్నర మీటర్లు అడగండి. తక్కువ ఎత్తుతో కట్టి దాంతోనే సరిపెట్టుకోండంటారు.

పాతబస్టాండ్:
చూశాను, 3ఎ నే. గడువు ఈ వారమే! రేపు కాలనీవాళ్ళతో కలిసి రాయబోతున్నాం. అందరం ఒకే కాగితం మీద సంతకాలు పెడితే సరిపోతుందా?

గట్టుదారి:
వద్దు. భూమి పోయేవాళ్ళు ఎవరి సర్వే నంబరుతో వాళ్ళు విడిగా ఇవ్వండి. కాలనీది వేరే అర్జీ. రెండింటి మీదా తేదీతో స్టాంపు వేయించుకోండి, ఇన్‌వర్డ్ నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసువాళ్ళు వేసే నంబరు) లేకుండా వెనక్కి రావద్దు.