పర్లాకిమిడిలో ఒకే గది ఉంది: నడిస్తే, తాకితే స్పందించే బొమ్మల గ్యాలరీకి ఏం కావాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

పాత సున్నపు గోడల హాలు. పొడవు 20 అడుగులు, వెడల్పు 14, ఎత్తు 10. మూడు వెంటిలేటర్లు, నడిమధ్య సీలింగ్ ఫ్యాను. జనం నడుస్తుంటే నేల మీద సవర గిరిజనుల బొమ్మలు కదలాలి, గోడ మీది బొమ్మను తాకితే డప్పు మోగాలి. టోక్యోలో టీమ్‌ల్యాబ్ అనే కళాకారుల బృందం వాళ్లు గదుల కొద్దీ చేస్తున్నదాన్ని ఇక్కడ ఒక్క గదిలో చెయ్యాలని ఆశ. ఉన్నది మామూలు ల్యాంప్ ప్రొజెక్టరు, త్రో రేషియో (బొమ్మ వెడల్పుకు ఎన్ని రెట్ల దూరం కావాలో) 1.2. వెబ్‌క్యామ్‌తో టచ్‌డిజైనర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే గదిలో ఎవరూ లేకపోయినా బొమ్మలు వాటంతటవే పరుగెడుతున్నాయి. కారణం ఏమిటి? ఇంకా ఏం కొనాలి?

జవాబు (రాయగడ నుంచి)

కెమెరా మనుషుల్ని కాదండీ, మీ ప్రొజెక్టరు వేసిన బొమ్మనే చూస్తోంది. బొమ్మ కదిలితే అది కదలిక అనుకుని మళ్లీ కదిలిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎంత సవరించినా ఇది పోదు. కెమెరాకు ప్రొజెక్టరు వెలుగు కనబడకుండా చెయ్యడమే మందు. ఐఆర్‌ను (కంటికి కనబడని పరారుణ కాంతిని) ఆపే ఫిల్టరు లేని కెమెరా తీసుకోండి, రాస్బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకు పెట్టే నోయిర్ కెమెరా అయినా చాలు. దాని ముందు మామూలు వెలుగును ఆపి 850 నానోమీటర్లను మాత్రమే వదిలే ఫిల్టరు పెట్టండి. గదిలో 850 ఐఆర్ దీపాలు రెండు, ఎదురెదురు గోడల మీద నుంచి ఏటవాలుగా. నేరుగా పైనుంచి వేస్తే నున్నటి గచ్చు మీద తెల్లటి మచ్చ పడి, అక్కడ నిలబడ్డవాళ్లు మాయమవుతారు. నేలకు మెరుపు లేని లేత బూడిద రంగు వెయ్యండి.

వెంటిలేటర్లు పూర్తిగా మూసెయ్యాలి, ఎండలో ఐఆర్ ఎక్కువ. పాత ఫిలమెంటు బల్బులు ఉన్నా తీసెయ్యండి. ఫ్యాను కూడా విప్పెయ్యండి, కెమెరా కింద రెక్క తిరిగితే అదీ మనిషే అనుకుంటుంది. గోడ ఫ్యాన్లు పెట్టుకోండి.

దూరాన్ని కొలిచే డెప్త్ కెమెరా కొంటే ఈ తిప్పలు తగ్గుతాయి గానీ దానికీ లోపం ఉంది. నల్లబట్ట, తళతళలాడే బట్ట సరిగా కనబడవు, పైనుంచి చూస్తే నల్లటి జుట్టు ఉన్నచోట చిల్లు పడుతుంది. 2012లో లండన్ బార్బికన్‌లో పెట్టిన రెయిన్ రూమ్ (మనిషి ఉన్నచోట వాన ఆగిపోయే గది) లాంటి వాటికి వచ్చేవాళ్లను ముదురు రంగులు వేసుకోవద్దని అడిగేది అందుకే.

ఇంకొకటి. ల్యాంప్ ప్రొజెక్టర్లు చాలావాటిని ముక్కు కిందికి పెట్టి నడపకూడదు, వేడెక్కి ల్యాంప్ పోతుంది. అడ్డంగానే బిగించి, ముందు 45 డిగ్రీల్లో అద్దం పెట్టండి. అద్దానికి పూత ముందువైపు ఉండాలి. ఇంట్లో అద్దం పెడితే ప్రతి గీతా రెండుగా పడుతుంది. అద్దంలో బొమ్మ తిరగబడుతుంది కాబట్టి మెనూలో రియర్ ప్రొజెక్షన్ ఎంచుకోవాలి. లెన్సు నుంచి అద్దానికి, అద్దం నుంచి నేలకు కలిపి 9.6 అడుగులు వస్తే, 1.2తో భాగించండి: 8 అడుగుల వెడల్పు, బొమ్మ 16:9 అయితే 4.5 అడుగుల పొడుగు. మొత్తం నేల నిండదు. నిండకపోయినా బాగుంటుంది, చుట్టూ నిలబడి చూసేవాళ్లకూ చోటు కావాలి కదా.

జవాబు (గుణుపురం నుంచి)

సాంకేతికం సరే, ఒక్క మాట వినండి. మీరంటున్న సవర బొమ్మ, ఇడితాల్ అంటే ఇంటి అందానికి వేసేది కాదు. దేవతల కోసమో పితరుల కోసమో గోడ మీద రాసి పూజ చేసే బొమ్మ. దాన్ని నేల మీద వేసి జనం చేత తొక్కించడం తప్పు. ఎర్రమట్టి మీద బియ్యప్పిండి తెలుపుతో ఉండే ఆ గీత గోడ మీదే ఉండనివ్వండి. నేలకు నీళ్లు, చేపలు, పొలాల గట్లు చాలు. గోడ బొమ్మ కూడా ఊళ్లో రాసేవాళ్లను అడిగి, ఏది అందరికీ చూపించవచ్చో వాళ్లనే చెప్పమని, డబ్బిచ్చి వేయించండి. ఫోన్లో దొరికిన ఫొటో నుంచి కత్తిరించవద్దు.

జవాబు (బరంపురం నుంచి)

తాకే గోడ గురించి. తాకిడిని కనిపెట్టే ఎంపీఆర్121 బోర్డు ఒక్కటి 12 చోట్లు చూస్తుంది. ఒకే లైను మీద నాలుగు బోర్డులు కలపవచ్చు, అంటే 48. నడపడానికి ఇఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు. రాగి టేపు ముక్కలు 3 మి.మీ. ప్లైవుడ్ వెనక అంటించి, ముందువైపు బొమ్మ వేయించండి. సున్నపు గోడకు నేరుగా అంటించవద్దు, వానాకాలం గోడ చెమ్మ పట్టి ఎవరూ ముట్టకుండానే డప్పు మోగుతుంది. పలకకూ గోడకూ మధ్య రెండంగుళాలు వదలండి. టేపు నుంచి బోర్డుకు తీగ అడుగు దాటనివ్వద్దు, దాటితే దాని పక్కగా చెయ్యి పోయినా తాకినట్టే లెక్క.

అన్నిటికన్నా ముందు ఎర్త్ చూడండి. రెండు పిన్నుల అడాప్టరుతో టచ్ కుదురుగా ఉండదు. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగ ఉండదు. మల్టీమీటరు పెడితే ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు చూపించాలి. లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత కొత్త ఎర్త్ వేయించాకే మిగతా పని.

ప్రశ్న అడిగినవారు

గుణుపురం వారి మాట సబబు, నేలకు నీళ్లూ చేపలే. తాకితే డప్పుతో పాటు గోడ మీద వెలుగు, పక్కన ఇంకో బొమ్మ, నేల మీద అల, అన్నీ ఒకేసారి రప్పించవచ్చా?

జవాబు (రాయగడ నుంచి)

వద్దండీ. ఒక చేతికి ఒక జవాబు. 2006లో రఫాయెల్ లోజానో-హెమ్మెర్ అనే కళాకారుడు పల్స్ రూమ్ అనే ప్రదర్శనను మెక్సికోలో ఒక పాత బట్టల మిల్లులో మొదట పెట్టారు. పిడి పట్టుకుంటే మీ గుండె కొట్టుకున్నట్టే ఒక బల్బు వెలుగుతుంది, వదిలితే ఆ లయ వరసలో పక్క బల్బుకు జరుగుతుంది. అంతే. వందకు పైగా బల్బులున్నా ఏది తనదో ఎవరికీ చెప్పక్కర్లేదు. మీ దగ్గర తాకగానే డప్పు మాత్రమే మోగనివ్వండి, అదీ 100 మిల్లీసెకన్ల లోపు. నేల వైపు ఆలస్యమైతే ప్రొజెక్టరులో గేమ్ మోడ్ (ఆలస్యం తగ్గించే సెట్టింగు) వేసి, కీస్టోన్ (బొమ్మ వంకర సరిచేసే సెట్టింగు) సున్నా చెయ్యండి. వంకర ఉంటే బిగింపులో సరిచెయ్యాలి.

కరెంటు పోతే ల్యాంపును చల్లార్చే ఫ్యాను కూడా ఆగిపోతుంది, కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. 600 వీఏది చాలదు, ఒక కేవీఏ తీసుకోండి. కరెంటు రాగానే కంప్యూటరు దానంతటదే లేచేలా బయోస్‌లో (కంప్యూటరు మొదలయ్యే సెట్టింగుల్లో) పెట్టి, ప్రోగ్రాం స్టార్టప్‌లో వెయ్యండి. తాళం తీసేవాళ్లు స్విచ్చు వేస్తే చాలు. టికెట్టు పెట్టే ఉద్దేశం ఉంటే టచ్‌డిజైనర్ ఉచిత వెర్షన్ కుదరదు. అది వ్యాపారానికి కాదు, రిజల్యూషన్ కూడా 1280 దాటనివ్వదు.