రెటీనా అతికిన తరువాత మచ్చపొర ఎందుకు కడుతుంది?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
మా నాన్నగారు కొమ్ముతో బొమ్మలు చెక్కుతారు. కంటి వెనుక గోడకు ఉండే చూపు పొర, అంటే రెటీనా, ఊడిపోవడంతో శస్త్రచికిత్స చేయించాము. ఆరు వారాలు బాగానే ఉన్నారు గానీ, ఇప్పుడు తలుపు ద్వారబంధం వంకరగా కనిపిస్తోందంటున్నారు. లోపల మచ్చపొర ముడుచుకుంటోందని, కణాల సంకేత అణువులే అందుకు కారణమని డాక్టరుగారు చెప్పారు. గాయం మాన్పవలసినవే చూపును ఎలా చెరుపుతాయి? శస్త్రచికిత్సలో ఏదైనా పొరపాటు జరిగిందా?

జవాబు (బరంపురం, కణశాస్త్ర అధ్యాపకుడు):
పొరపాటు జరిగిందని అనుకోనవసరం లేదండీ. శస్త్రచికిత్స చక్కగా జరిగినా నూటికి అయిదు నుంచి పది మందిలో ఈ పొర కడుతుంది. రెటీనా చిరిగినప్పుడు దాని వెనుకనున్న గోధుమరంగు వర్ణకణాలు ఆ చిరుగులోంచి కంటిలోని జిగురు ద్రవంలోకి రాలుతాయి. పరీక్షలో అవి పొగాకు పొడిలా తేలుతూ కనిపిస్తాయి. అదే సమయంలో రక్తనాళాల గోడల కట్టడి సడలి, పీడీజీఎఫ్ వంటి పెరుగుదల కారకాలు అక్కడికి చేరి ఆ కణాలను విభజన చెందమని, కదలమని పురికొల్పుతాయి. టీజీఎఫ్-బీటా2 అనే అణువు వాటి స్వభావాన్నే మార్చివేస్తుంది: ఇరుగుపొరుగు కణాలతో అతుక్కుని వరుసగా ఉండవలసినవి ఆ పట్టు వదలి, కొల్లాజెన్ స్రవిస్తూ, కండరకణాల్లా సంకోచించే శక్తిని పొందుతాయి. రెటీనాకు ఆసరాగా ఉండే ముల్లర్ కణాలు కూడా ఉబ్బి, ఈ పొరలో చేరతాయి. పొర ముడుచుకుంటే దానితోపాటు రెటీనా మడతపడుతుంది. నాన్నగారికి గీతలు వంగి కనిపించేది అందుకే.

జవాబు (రాయగడ నుంచి):
మా అమ్మకు మధుమేహం వల్ల రెటీనాపై కొత్త రక్తనాళాలు పెరిగాయి. అక్కడ ముఖ్యమైన సంకేతం వీఈజీఎఫ్ అనే, రక్తనాళాలను పెంచే అణువు. దాన్ని అడ్డుకునే ఇంజెక్షనుతో నాళాలు ఎండినా, కొందరిలో మచ్చ బిగుసుకుని రెటీనాను లాగుతుందని ముందే హెచ్చరించారు.

ప్రశ్న అడిగినవారు:
అయితే టీజీఎఫ్-బీటాను మందుతో పూర్తిగా ఆపివేయకూడదా, మాస్టారూ?

జవాబు (బరంపురం):
అక్కడే చిక్కు ఉందండీ. ఆరోగ్యంగా ఉన్న కంటిలో అనవసరమైన వాపును అణచి ఉంచేదీ, నాడీకణాలను, నాళాలను కాపాడేదీ అదే. అందువల్ల దాన్ని మొత్తంగా అడ్డుకుంటే హాని కలుగుతుంది. కణాల విభజనను అణచే మెథోట్రెక్సేట్ వంటి మందులను కంటిలోకి ఇచ్చి పరీక్షించారు గానీ, నేటికీ ప్రధాన చికిత్స పొరను సున్నితంగా ఒలిచివేసి, సిలికాన్ నూనెతోనో వాయువుతోనో రెటీనాను అదిమి ఉంచడమే. నాన్నగారిని రోజూ మంచి కన్ను మూసుకుని అదే ద్వారబంధాన్ని చూడమనండి. వంపు పెరిగినా, పక్కనుంచి నీడ కమ్ముతున్నా అదే రోజు డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళండి.